కుక్కను షికారు తిప్పే మార్గాలు (బెల్లంకొండ యజమానుల వినియోగార్థం)

కుక్కను షికారుకు తీసుకెళ్లే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. షికారు ఎవరి కోసం? కుక్క కోసం అనుకునేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు, వాళ్లకు ఈ సలహాలు పనికిరావు. షికారు ఊరి కోసం. బెల్లంకొండ సెంటర్లో టీకొట్టు బల్ల మీద కూర్చున్న నలుగురూ తల తిప్పి చూడాలి. ‘ఎవరిదయ్యా ఆ కుక్క, ఎంత పెట్టి కొన్నాడంట?’ అని ఒకళ్లనొకళ్లు అడగాలి. ఆ ప్రశ్న పుట్టిన రోజు షికారు జరిగినట్టు. పుట్టని రోజు ఊరికే కాళ్లు అరిగినట్టు.

అందుకే మొట్టమొదట కుక్కను ఎంచుకోవడంలో జాగ్రత్తపడండి. ఊరకుక్క వద్దేవద్దు. ఈ ఎండలో పుట్టి ఈ ఎండలోనే పెరిగి, మిట్టమధ్యాహ్నం ఏ అరుగు కింద పడుకోవాలో, ఏ పూట ఎవరి గడపలో నిలబడితే ముద్ద దొరుకుతుందో తెలిసిన కుక్కను మనం కొత్తగా తిప్పేదేముంది? అదే మనకు ఊరు చూపిస్తుంది. పోనీ దేశవాళీ జాతికుక్క అంటారా, కర్ణాటక బాగల్‌కోట్ జిల్లా ముధోల్ కుక్కలను మన సైన్యమే తీసుకుంది, తమిళనాడు రాజపాళయం కుక్క వేటకూ కాపలాకూ పేరుపడింది. రెండూ వేడిని తట్టుకుంటాయి. అదే వాటితో చిక్కు. తట్టుకునేదాన్ని చూసి జాలిపడేవాళ్లుండరు, జాలిపడకపోతే జనం ఆగరు. కాబట్టి సైబీరియన్ హస్కీని కొనండి. మంచులో బండ్లు లాగడానికి పుట్టిన కుక్క అది. వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ ఎక్కడ కాసిందో చెప్పేటప్పుడు వార్తల్లో తరచూ వినపడే రెంటచింతల మన పల్నాడు జిల్లాదే. ఈ రెంటినీ కలపగలిగిన మనిషికి ఊళ్లో తిరుగుండదు.

అంత స్తోమతు లేనివాళ్లకు పగ్ ఉంది. 2003లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో చిన్న పిల్లవాడి వెంట ఎక్కడికంటే అక్కడికి నడిచిన ముడతల మొహం కుక్క. ఆ కంపెనీ పేరు మారిపోయి ఏళ్లు గడిచినా మనవాళ్లకది ఇప్పటికీ హచ్ కుక్కే. ప్రకటనలో అది ఎంత దూరమైనా నడిచింది కదా, మనదీ నడుస్తుంది. కుక్కకు మనకు పట్టినట్టు ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే ఒంట్లో వేడిని బయటికి పంపుకోవాలి, మూతి చప్పిడిగా ఉన్న పగ్గులకూ బుల్‌డాగ్‌లకూ ఆ గాలి సరిగ్గా ఆడదు అని పశువుల డాక్టర్లు చెబుతారు. పది అడుగులకే గురకపెట్టడం మొదలుపెడితే ‘మావాడికి నడుస్తూనే నిద్రపోయే అలవాటు’ అని పక్కవాళ్లకు చెప్పండి, నవ్వుతారు.

హస్కీకి ఎండ తగులుతోందని మీకే అనుమానం వస్తే గుండు కొట్టించండి. తిరుపతి వెళ్లొచ్చిన కళ వస్తుంది. దాని ఒంటి మీద రెండు పొరల బొచ్చుంటుందని, చలిని ఆపే ఆ పొరలే ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడతాయని, దువ్వి రాలిన బొచ్చు తీసేస్తే చాలని, నున్నగా గొరిగితే చర్మం కాలి, బొచ్చు మళ్లీ సరిగ్గా రాకపోవచ్చని అంటారు. వస్తే వచ్చింది, లేకపోతే లేదు. మొక్కు మాత్రం తీరుతుంది.

ఇక వేళ. తెల్లవారుజామున ఐదింటికి, లేదంటే పొద్దుగూకాక తిప్పమని చెప్పే మహానుభావులున్నారు. ఐదింటికి రోడ్డు మీద ఎవరుంటారండీ? పాలక్యాన్లవాళ్లు, మిరపకోతకు ఆటోల్లో పోయే ఆడకూలీలు. వాళ్లకు మీ కుక్కను చూసే తీరికెక్కడిది? సరైన వేళ పదకొండు దాటాక. మండలాఫీసుకు పనిమీద వచ్చినవాళ్లు చెట్టు కింద కాచుకొని ఉంటారు, బస్సు కోసం నిలబడ్డవాళ్లకు వేరే కాలక్షేపం ఉండదు. అప్పటికి తారురోడ్డు బాగా కాగి ఉంటుంది. గాలిలో నలభై డిగ్రీలున్న రోజు తారు అరవై దాటడం మామూలే. చేతి వెనకభాగం రోడ్డుకు ఆనించి ఏడు లెక్కపెట్టేదాకా ఉంచగలిగితేనే కుక్కను నడిపించాలని ఒక పరీక్ష ఉంది. దయచేసి ఆ పరీక్ష చేయకండి. మూడు దగ్గరే చెయ్యి లాక్కుంటారు, అందరూ చూస్తారు. మీ కాళ్లకు తోలుచెప్పులున్నాయి కాబట్టి దాని కాళ్ల సంగతి మీకు తెలిసే అవకాశం లేదు. తెలియకపోవడమే ప్రశాంతత. కుక్క ఒక్కో కాలూ ఎత్తి ఎత్తి వేస్తుంటే మిలిటరీ శిక్షణ అని చెప్పండి.

ఇంత ఎండ మాట విన్నాక మీకు కావలసింది నీడ కదా. చల్లని నీడన తేలికపాటి కాలిబాట కావాలి. చెబుతాను. నీడ అనేది ముందు మనిషికి, మిగిలితే కుక్కకు. వేపచెట్టు కింద మీరు నిలబడండి, గొలుసు పొడుగు ఎటూ ఆరడుగులుంటుంది, చివర కుక్క ఎండలో ఉంటే బాగా కనపడుతుంది కూడా. చెట్టు దొరకని చోట కారుంది. మండలాఫీసులో సంతకానికి వెళుతూ కుక్కను కారులో ఉంచి, అద్దం రెండు వేళ్లంత దించి తాళం వేయండి. తలుపులేసిన కారు లోపల పది నిమిషాల్లోనే బయటికంటే పది డిగ్రీలదాకా వేడెక్కుతుంది, అద్దం కాస్త దించినా తేడా పెద్దగా ఉండదు. కానీ మన ఆఫీసుల్లో సంతకం పది నిమిషాల్లో అయిపోతుందని ఎవరికి తెలియదు? భయం లేదు.

ఇప్పుడు బాట. హైదరాబాదు వాళ్లకు పార్కులుంటే మనకు కొండ ఉంది, కొండ మీద కోట ఉంది. అల్లాటప్పా కోట కాదది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీదికి దండెత్తి వచ్చి అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం దుర్గాలు పట్టుకొని, ఆ తర్వాతగానీ కొండవీడు చేతికి చిక్కించుకోలేదు. అంతటి రాయలవారు సైన్యాన్ని ఎక్కించిన కొండ మీదికి మీ పగ్గును ఎక్కించడానికి మీకేమిటి సందేహం? మే నెల ఎంచుకోండి. నీళ్ల సీసా వద్దు, బరువు. రాళ్లూ ముళ్లకంపా ఉన్న బాట మీద కుక్క ముందు పరుగెడుతుంది, మధ్యలో మీ పక్కన నడుస్తుంది, చివర్లో కూర్చుంటుంది. అక్కడి నుంచి చాలా తేలిక, మీరే దాన్ని భుజాన వేసుకొని దిగాలి. పైన మీ సెల్‌ఫోను ఫొటోలో కోటగోడ, వెనక ఆకాశం, కింద నాలుక వేలాడేసిన కుక్క పడితే చాలు. బండల కింద రక్తపింజరి ఉండొచ్చని అనేవాళ్లుంటారు. అది పొదల్లో ముక్కు పెట్టే కుక్కకు ముందు కనపడుతుంది, మీకు ఆ తర్వాతే. కుక్కను పెంచుకున్నందుకు ఈమాత్రం లాభం ఉండొద్దూ!

కొండ వద్దనుకుంటే ఏటి దిక్కు చూడండి. మన మండలంలోని కొల్లూరు దగ్గర గనుల్లో ఒకప్పుడు వజ్రాలు తవ్వారు. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడ అరవై వేలమంది పనిచేస్తున్నారని రాసిపెట్టాడు. కోహినూరు ఆ మట్టిలో దొరికిందేనని చెప్పుకుంటారు. కుక్కకు తవ్వడం పుట్టుకతో వచ్చిన విద్య, కాబట్టి దాన్ని వదలండి, ఆపకండి, ఎవరి దోసపాదు అయినా సరే. తోటమాలి పరుగెత్తుకొస్తే చరిత్ర చెప్పండి. ఆ గనులు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉన్నాయి. 45 టీఎంసీల పైచిలుకు పట్టే జలాశయమది. ఈ సంగతి కుక్కకు చెప్పనక్కర్లేదు, ఉత్సాహం పోతుంది.

అన్నిటికంటే మంచి బాట మాత్రం మిరప కళ్లం. జనవరి దాటిందంటే పల్నాడంతా ఎరుపే. తేజా రకం ఎండబోసి, పట్టలు పరిచి, రాత్రిళ్లు కాపలా పడుకుంటారు రైతులు. మెత్తటి దారి, విశాలమైన చోటు. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు యాభై, అరవై లక్షలుంటే కుక్క ముక్కులో ఇరవై కోట్లకు పైనే ఉంటాయి. అంటే మనకు ఒక తుమ్ము తెప్పించే ఘాటు దానికి ఏమవుతుందో లెక్క వేసుకోవచ్చు, లెక్కలు రానివాళ్లు కుక్కను చూసి తెలుసుకోవచ్చు. అది తుమ్ముతూ, కళ్లు కాళ్లతో రుద్దుకుంటూ రాశి మీద పొర్లుతుంది.

‘ఏందబ్బాయ్, క్వింటాలు రేటు తెలిసే తొక్కిస్తన్నావా?’ అంటాడు రైతు.

‘దాందేముంది బాబాయ్, కుక్కే గదా’ అనండి.

‘కుక్క సంగతి కాదురా నేనడిగేది.’

ఇక్కడ సంభాషణ పొడిగించకుండా బయల్దేరడం మంచిది. పత్తిచేల గట్టు మీదుగా వెళ్లండి. మందు కొట్టిన డ్రమ్ము కడిగిన నీళ్లు గుంటలో నిలిచి ఉంటే కుక్క దాహం అక్కడే తీరిపోతుంది, మీరు నీళ్ల సీసా మోయలేదన్న బాధా ఉండదు. పురుగుమందు నాకిన కుక్క చొంగ కారుస్తూ వణికిపోతుంది, కాళ్లు తడబడతాయి, గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఆ లక్షణాలు చూసి ‘దిష్టి తగిలింది’ అని నిమ్మకాయ తిప్పిన ఇళ్లు మన పల్లెల్లో తక్కువేం కాదు.

నడవడం అసలు ఇష్టంలేని యజమానులకు మన జిల్లా కనిపెట్టి ఇచ్చిన గొప్ప పద్ధతి మోటారుసైకిల్ షికారు. ఎడంచేత్తో గొలుసు, కుడిచేత్తో యాక్సిలరేటరు. బండి ముప్పైలో పోతుంటుంది, కుక్క పక్కన పరుగెడుతుంటుంది. కూడలి దగ్గర హారన్ మోగిస్తే జనం తప్పుకుంటారు, కుక్క మాత్రం తప్పుకోలేదు, గొలుసు ఉంది కదా. దారిలో కరెంటు స్తంభం ఉందనుకోండి, మీరు స్తంభానికి కుడివైపు నుంచి, కుక్క ఎడమవైపు నుంచి వెళుతుంది. అప్పుడు ఎవరు ముందు ఆగుతారన్నది గొలుసు నాణ్యత మీద ఆధారపడి ఉంటుంది. కుక్క నడకలో సగం వాసన చూడటమేనని, ప్రతి గోడ దగ్గరా ప్రతి గడ్డిదుబ్బు దగ్గరా ఆగి ఎవరు వచ్చారో ఎవరు పోయారో తెలుసుకోవడమే దానికి పేపరు చదవడమని, అలా ఆపి ఆపి తిప్పిన పావుగంట షికారు గంటసేపు పరుగెత్తించినదానికంటే దానికి తృప్తినిస్తుందని కుక్కల సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. మనం పేపరు చదువుతుంటే ఎవరైనా మెడ పట్టుకొని ఈడ్చుకుపోతే ఊరుకుంటామా అని కూడా అడుగుతారు. మనం పేపరు చదవం కాబట్టి ఆ ప్రశ్న మనకు వర్తించదు.

గొలుసు కూడా దండగ అనుకునే ఆదర్శవాదులకు ఆధారం మహాభారతంలోనే ఉంది. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట హిమాలయాల దాకా నడిచిన కుక్కకు మెడపట్టా ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. ఇంద్రుడు రథం తెచ్చి కుక్కను వదిలేసి ఎక్కమంటే ఆయన ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. మనం రెండో ముక్క వదిలేసి మొదటి ముక్క పట్టుకుందాం. బడి వదిలే వేళకు మీ డాబర్‌మన్‌ను వట్టి మెడతో వదిలి, పిల్లలు చెల్లాచెదురై పరుగెడుతుంటే వెనక నుంచి ‘ఏమీ అనదమ్మా, ఆడుకుంటోంది’ అని కేక వేయండి. ఈ ఒక్క వాక్యం కంఠతా వచ్చి ఉండాలి. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్లో ‘ఏమీ అనదమ్మా’ అన్నవాళ్లకు మినహాయింపు లేదు, బహుశా రాసేటప్పుడు మర్చిపోయి ఉంటారు.

ఊరకుక్కలతో ముఖాముఖి అయినప్పుడు ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న. ప్రతి వీధికీ ఒక మూక, ప్రతి మూకకూ ఒక సరిహద్దు. మన సామెతల్లో దీనికి జవాబు సిద్ధంగా ఉంది: మొరిగే కుక్క కరవదు. ఈ సామెత కుక్కలకు కూడా తెలుసన్న నమ్మకంతో ముందుకు సాగండి. కళ్లలోకి గుడ్లురిమి చూడండి, రాయి విసరండి, పరుగెత్తండి, ఈ వరసలోనే. కదలకుండా నిలబడి, చూపు పక్కకు తిప్పి, మెల్లగా వెనక్కి జరగడం పిరికివాళ్ల పని. పల్నాడు గడ్డ మీద, కోడిపందెం దగ్గర మొదలైన పంతం కారంపూడి యుద్ధం దాకా పోయిన గడ్డ మీద, వెనక్కి జరగడమా!

ఈ కుక్కల మీద సుప్రీంకోర్టు కూడా 2025లో చాలాసేపు ఆలోచించింది. ఆగస్టు 11న ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు పంపమంది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్ని సవరించి, రేబిస్ ఉన్నవి, మనుషుల మీద పడేవి తప్ప మిగతావాటికి కుటుంబ నియంత్రణ ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టుకున్నచోటే వదలమంది. కనపడినచోటల్లా తిండి పెట్టకుండా అందుకు కేటాయించిన చోటే పెట్టమంది. నవంబరు 7న మళ్లీ బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల లాంటి చోట్ల నుంచి వాటిని తీసేయమంది. మీరు మాత్రం షికారుకు వెళ్లేటప్పుడు జేబులో బిస్కెట్ పాకెట్ పెట్టుకొని సరిగ్గా బడిగేటు ముందే పంచండి. పుణ్యం మీకు, మూక పిల్లలకు.

కరిస్తే? దీనికి మనంత సామగ్రి ఉన్న జిల్లా దేశంలో ఇంకోటి లేదని గర్వంగా చెప్పవచ్చు. కుక్కకాటుకు కారం అద్దాలన్నది పెద్దలమాట, కారానికి మనకు లోటా? సున్నం రాయాలన్నది ఇంకో పెద్దలమాట, సున్నానికి పిడుగురాళ్ల కూతవేటు దూరంలో ఉంది. ఒకళ్లు పసుపంటారు, ఒకళ్లు కాఫీపొడి, ఒకళ్లు వేడివేడి నూనె. ఇంటిల్లిపాదీ తలా ఒకటి తెచ్చి అద్దేసరికి గాయం కూరలో తాలింపులా ఘుమఘుమలాడుతుంది. ఈలోపు పక్కింటి పిన్ని మంత్రం వేసే ఆయన్ను పిలిపిస్తుంది. రేబిస్ వైరసుకు ఇంతకంటే కావలసిందేముంది? అది నరాల వెంట నిదానంగా మెదడు వైపు నడుస్తుంది, దానికి తొందర లేదు. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ఆ నడకను ఆపగలిగేవి రెండే. ఒకటి సబ్బు, ధారగా పడే నీళ్లు, పదిహేను నిమిషాలు. గడియారం చూసి పదిహేను. రెండోది టీకా. కరిచిన రోజు, ఆ తర్వాత 3, 7, 14, 28 రోజులకు కండకు వేస్తారు, లేదా చర్మంలోకి వేసే పద్ధతిలో అదే రోజు, 3, 7, 28 రోజులకు వేస్తారు. గాయం లోతైతే దానిలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు తీసుకోరు.

మనవాళ్లను ఆసుపత్రికి వెళ్లకుండా ఆపడానికి ఒక్క మాట చాలు: ‘బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లంట.’ ఇది ఒకప్పుడు అబద్ధం కాదు. గొర్రె మెదడు నుంచి చేసే సెంపుల్ టీకాను అలాగే పొట్టకు వేసేవాళ్లు. దాన్ని తయారుచేయడం మనదేశంలో 2004 చివరికల్లా ఆపేశారు. ఇప్పుడు వేసేది భుజానికి. అయినా మీరు బొడ్డు మాట వదలొద్దు, ఇరవై ఏళ్లు దాటినా ఇంకా పనిచేస్తున్న మాట అది. మూడో డోసు పడేసరికి గాయం మానిపోతుంది, నాలుగోది ఎందుకులే అని మానేయడం కూడా మన ఆనవాయితీయే. కరిచిన కుక్క పది రోజుల తర్వాత కూడా బతికే ఉందా లేదా అని చూడమంటారు డాక్టర్లు. దాన్ని ముందే కొట్టి చంపేస్తే చూసే బాధ తప్పుతుంది, మీరు దేన్ని తెలుసుకోవాలో అదీ తప్పుతుంది.

కుక్కకు వడదెబ్బ తగిలిందని ఎలా తెలుస్తుంది? చిగుళ్లు ఎర్రగా కందిపోతాయి, చొంగ జిగురుగా సాగుతుంది, తాగినవాడి నడక నడుస్తుంది. కుక్క ఒంటివేడి మామూలుగానే మనకంటే ఎక్కువ, 101 నుంచి 102 ఫారెన్‌హీట్. 105 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. అప్పుడు నీడకు మార్చి, పొట్టకూ కాళ్లకూ మామూలు చల్లనీళ్లు పోసి, ఫ్యాను పెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మంచుగడ్డలు కాదు. మనింటి వైద్యం దీనికంటే తేలిక. వడదెబ్బకు ఉల్లిపాయ కదా మన అమ్మమ్మల మందు, రెండు ఉల్లిపాయలు దంచి నోట్లో పెట్టండి. ఉల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడుతుంది, కాబట్టి వడదెబ్బ సంగతి ఎవరికీ గుర్తుండదు. తేరుకున్నాక బలానికి ద్రాక్షపళ్లు పెట్టండి, వాటితో మూత్రపిండాలు పోతాయి. ముద్దొస్తే చాక్లెట్ పెట్టండి. ఆదివారమైతే ఉడికిన నాటుకోడి ఎముకలున్నాయి, విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. ‘మనం తినేదే దానికీ పెడతాం, ఇంట్లో మనిషిలాగే చూస్తాం’ అని చెప్పుకోవడంలో ఉన్న తృప్తి వేరు.

కుక్క పెంట గురించి ఒక్క ముక్క. ఎదురింటి ముగ్గు పక్కన, మీ గుమ్మానికి కనీసం మూడిళ్ల అవతల. అంతే.

నగరాల్లో ఉన్న మన పిల్లల గొడవ ఇంకో రకం. కొండాపూర్లో ఉంటున్న అమ్మాయి ఫోన్ చేసి చెబుతుంది:

‘అమ్మా, ఇక్కడ కుక్కల కోసమే పార్కు ఉందే. చెత్త పోసే జాగాను బాగుచేసి 2018లో కార్పొరేషన్ వాళ్లే కట్టారు. ఎకరం పైనే.’

‘ఎకరమా! కుక్కలకా? మనకు ఆ ఎకరం ఉంటే నీ పెళ్లికి అప్పు చేసేవాళ్లం కాదుగదే.’

అమ్మ మాటలో న్యాయం ఉంది కాబట్టి అమ్మాయి ఆ పార్కుకు వెళ్లకూడదు. కుక్కను తీసుకొని బంజారాహిల్స్ కేబీఆర్ పార్కు గేటుకే వెళ్లాలి. చెట్లు, నెమళ్లు, నీడ, నడకదారి, అన్నీ ఉన్నాయి. కుక్కలను మాత్రం లోపలికి రానివ్వరు. అది 1998లో జాతీయ ఉద్యానవనం అయింది, అంటే లెక్క ప్రకారం అడవి. పెంపుడుకుక్క వాసనకే అక్కడి జీవాలు బెదురుతాయి, దాని జబ్బులు వాటికి అంటుతాయి. గేటు దగ్గర కాపలా మనిషితో ఈ రూలు ఆయనే పెట్టాడన్నట్టు వాదించండి. ‘నేనెవరో తెలుసా’ అని అడగండి. తెలియదంటాడు. కుక్క గొలుసు చివర కూర్చొని లోపలి చెట్ల నీడకేసి చూస్తూ ఉంటుంది, ఆ వాదనలో ఓపిక ఉన్న పక్షం అదొక్కటే.

ఇన్ని తిప్పలెందుకు, అసలు షికారే మానేసి ఇంట్లో గొలుసుతో కట్టేస్తే పోలా అని అడిగేవాళ్లూ ఉన్నారు. మన డాబాల మీద, వాటర్ ట్యాంకు పక్కన, రేకు నీడలో పొద్దస్తమానం కట్టేసి ఉన్న కుక్కలను చూస్తే అలా అనుకున్నవాళ్లు చాలామందే ఉన్నట్టుంది. వాళ్లకు ఒక కబురు. రుక్మిణీదేవి అరుండేల్ పార్లమెంటులో పట్టుబట్టగా వచ్చిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో, ఎప్పుడూ గొలుసుతో కట్టేసో, ఇరుకున బంధించో ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా నేరమే. సెక్షన్ 11లో ఉంది. ఢిల్లీలో కూర్చున్న పెద్దలు మన డాబా మీది కుక్క కాళ్ల గురించి అరవై ఏళ్ల కిందటే ఆలోచించారంటే ఆశ్చర్యంగానే ఉంటుంది. భయపడాల్సిన పనిలేదు. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయలకు తగ్గదు, యాభైకి మించదు. ఒక ప్లేటు ఇడ్లీ, ఒక టీ. నెలకొకసారి కట్టేసినా హస్కీ తిండి ఖర్చులో కనపడదు.

ఆఖరి సలహా టీకా గురించి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు మొదటిసారి రేబిస్ టీకా ఇచ్చాడు, పిల్లవాడు బతికాడు. ఆ రోజు గుర్తుగా ఏటా జూలై 6న మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా వేస్తారు. పొద్దున్నే వెళ్లాలి, వరసలో నిలబడాలి, పక్కన అందరివీ ఊరకుక్కలే ఉంటాయి, మీ హస్కీ ధర అడిగేవాళ్లు ఒక్కరూ ఉండరు. మనలాంటివాళ్లు వెళ్లదగ్గ చోటు కాదు. పైగా ఆ టీకా ఉచితం.